విచర్ ఆటల్లో జానపద కథ చేసే పని

మిట్టమధ్యాహ్నం, కోతల కాలం. కనుచూపు మేర చెట్టు నీడ లేని చేలో తెల్లబట్టల ఆడమనిషి ఒకతె ఎదురవుతుంది. పోలండు పల్లెవాళ్లు ఆమెను పోవుద్నిత్స అంటారు. ఆ పేరులోనే మధ్యాహ్నం ఉంది. ఆమె పట్టుకుంటే తల తిరుగుతుంది, ఒళ్లు తూలుతుంది, కొందరు అక్కడే ప్రాణం విడుస్తారు. వడదెబ్బకు పల్లె ఇచ్చిన రూపం అది. తూర్పు జర్మనీ లుసేషియాలోని సోర్బులు అనే స్లావిక్ జనం చెప్పుకునే కథలో తప్పించుకునే దారి కూడా ఉంది. అవిసె విత్తడం దగ్గర్నుంచి నార తీయడం, వడకడం, బట్ట నేయడం దాకా గంటసేపు ఆగకుండా ఆమెకు చెప్పాలి. గంట గడిస్తే ఆమెకు బలం ఉండదు.

2015లో వచ్చిన వీడియో గేమ్ 'ది విచర్ 3: వైల్డ్ హంట్'లో ఈమే నూన్‌రెయిత్. ఈ సిరీస్‌లో మనం ఆడేది గెరాల్ట్‌గా, అతను డబ్బు తీసుకుని భూతాలను వేటాడే విచర్. ఆట మొదలయ్యే వైట్ ఆర్చర్డ్‌లోనే, పాడుబడ్డ పల్లె బావి దగ్గర కనిపిస్తుంది. నేరుగా కత్తి దూసి వెళ్లే ఆటగాడికి అక్కడ పని జరగదు. ముందు ఇళ్లు వెతికి, డైరీ చదివి, చచ్చిపోయింది ఎవరో తెలుసుకోవాలి. తర్వాత బావిలో దిగి నీటి అడుగునుంచి కంకణం తీయాలి. శవాన్నీ కంకణాన్నీ కలిపి తగలబెడితేనే ఆమె పోరాటానికి వస్తుంది.

పోరాటంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. వెండి కత్తికి దయ్యాల మీద పనిచేసే స్పెక్టర్ నూనె పూస్తారు, యర్డెన్ అనే మంత్ర సైగతో నేల మీద వలయం వేస్తారు, ఆమె దూసుకు రాగానే కంగారుపడి వలయం దాటి పారిపోతారు. వలయం బయట ఆమె నీడలాంటిది, కత్తి దెబ్బ సరిగా దిగదు. లోపలే పక్కకు జరుగుతూ ఆమెను వలయంలోకి రానివ్వాలి. మధ్యలో తనలాంటి ఆకారాలను చుట్టూ నిలబెట్టి బలం పుంజుకుంటుంది. వాటిని వెంటనే కొట్టి చెదరగొట్టకపోతే అప్పటిదాకా పడ్డ శ్రమంతా వృథా. మూన్ డస్ట్ బాంబు ఉంటే ఆమె నీడగా మారకుండా అది ఆపుతుంది.

కథలోంచి బొమ్మను తీసుకోవడం వేరు, ఆ కథ నడిచే నియమాన్ని తీసుకోవడం వేరు. ఈ సిరీస్ నిలబడింది రెండో దాని మీద. ఎవరు, ఎందుకు దయ్యమయ్యారో తెలిస్తేనే దారి దొరుకుతుంది. 2007 నాటి మొదటి ఆటలో ఇది ఇంకా కఠినంగా ఉండేది. ఒక జీవి గురించి బెస్టియరీలో, అంటే ఆటలోని జీవుల పుస్తకంలో, వివరం చేరకపోతే, చంపిన తర్వాత కూడా దాని శరీరంలోంచి రసవాదానికి పనికొచ్చే దినుసు తీయలేం. ఆ వివరం పుస్తకాలు కొని చదివితే వస్తుంది, లేదా ముసలమ్మలకు తినడానికేమైనా పెడితే వాళ్ల నోట వస్తుంది. జానపద కథ ఒకరి నుంచి ఒకరికి చేరే పద్ధతినే ఆటలో పనిముట్టుగా మార్చారు. తర్వాతి ఆటల్లో ఈ కట్టుబాటు సడలించడం నాకు నష్టంగానే అనిపిస్తుంది.

ఆ మొదటి ఆట తెరలేచే దృశ్యం స్ట్రిగాది. పోలిష్ నమ్మకంలో రెండు ఆత్మలతో, రెండు వరసల పళ్లతో పుట్టిన మనిషి స్త్షిగా. ఒక ఆత్మ పోయినా రెండోది మిగిలి సమాధిలోంచి లేస్తుంది. ఆటలో ఈ స్ట్రిగా ఒక శాపగ్రస్తురాలు, ఆ శాపం తీర్చాలంటే తెల్లవారేదాకా ఆమె తన శవపేటికలోకి తిరిగి వెళ్లకుండా ఆపాలి. అందుకే గెరాల్ట్ తానే ఆ పేటికలో పడుకుని మూత వేసుకుంటాడు. ఈ కథను 19వ శతాబ్దంలో రోమన్ జ్మోర్స్కీ రాసిపెట్టాడు, 1986లో ఆంద్రేయ్ సప్కోవ్‌స్కీ దాన్నే తన తొలి విచర్ కథగా మలిచాడు, అక్కడి నుంచి ఆటలోకి వచ్చింది.

'విచర్ 3'లో బోచ్లింగ్ అనే శిశు భూతం ఘట్టం దగ్గర ఈ సిరీస్ అన్నిటికన్నా లోతుకు దిగింది. పోలిష్‌లో పొరోన్యెత్స్ అంటే గర్భంలోనే పోయి, పేరు పెట్టకుండా, సరైన ఖననం లేకుండా పారేసిన బిడ్డ. అలాంటి బిడ్డను గడప కింద పూడిస్తే ఇంటిని కాచే క్వొబుక్ అవుతుందన్న నమ్మకం కూడా ఉంది. ఆటలో వెలెన్ ప్రాంతాన్ని ఏలే బారన్ ఇంట్లో జరిగేది ఇదే. రెండు దారులున్నాయి. చంపితే దాని రక్తం తీసుకుని పెల్లర్ అనే పల్లె మంత్రగాడి దగ్గరకు వెళ్లాలి. శాపం తీర్చాలంటే బారన్ స్వయంగా ఆ బిడ్డను చేతుల్లో ఎత్తుకుని, గడప దాకా మోసుకొచ్చి, డేయా అని పేరు పెట్టి, కూతురిగా ఒప్పుకుని పూడ్చాలి. దారిలో రెయిత్‌లు అనే దయ్యాలు మీద పడతాయి, ఆ గొడవకు బిడ్డ పెనుగులాడుతుంది. అప్పుడు మనసును లొంగదీసే ఆక్సీ సైగతో శాంతింపజేయాలి. పోరాటంలో మునిగి ఆ సంగతి మరిస్తే అది భూతంగా మారిపోతుంది, ఇక చంపడం తప్ప గతి ఉండదు. రెండో దారే పట్టండి. తాగి భార్యను కొట్టిన మనిషి, తన వల్ల పోయిన బిడ్డ బరువును చేతులారా మోయడం ఆ దారిలోనే చూస్తాం. గడప, పేరు, ఒప్పుకోలు అనే మూడు పాత నియమాల్లో ఒక్కటి తీసేసినా ఆ ఘట్టం కూలిపోతుంది.

అడవి భూతం లేషెన్ దగ్గర మాత్రం తూకం తప్పింది. జింక పుర్రె తల, కొమ్మల చేతులున్న ఆ ఆకారం చూడటానికి అద్భుతం, కానీ పుర్రె తల ఆట కళాకారుల కల్పన. స్లావిక్ కథల్లో లెషీ ఎక్కువగా మనిషి రూపంలోనే ఉంటాడు. అడవిలో చెట్టంత ఎత్తు, బయటికొస్తే గడ్డిపోచంత. అతని పని దారి తప్పించడం. విరుగుడుగా బట్టలు తిరగేసి తొడుక్కోవాలి, కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకోవాలి. ఆ మోసం, ఆ విరుగుడు ఆటలో కనిపించవు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో లెషీ అని వెతికితే జింక పుర్రెలే ఎదురవుతాయి, పాత బొమ్మను కొత్తది మింగేసింది. స్కెల్లిగే దీవుల్లోని ఫేర్లుండ్ ఊళ్లో మాత్రం మంచి నియమం ఒకటి పెట్టారు. లేషెన్ ఊళ్లో ఒక మనిషికి గుర్తు వేస్తుంది. దానికి బలమిచ్చే టోటెమ్‌లు పగలగొట్టి దాన్ని చంపినా, ఆ మనిషి ఊరు వదలకపోతే లేదా చావకపోతే అది మళ్లీ పుడుతుంది. పోరాటానికి ఇగ్నీ సైగతో వచ్చే మంట, ఇలాంటి ప్రాచీన జీవులకు వాడే రెలిక్ట్ నూనె చాలు.

ఇక 2015 అక్టోబరులో 'విచర్ 3'కు అదనపు కథగా వచ్చిన 'హార్ట్స్ ఆఫ్ స్టోన్'. దీని వెనక పోలిష్ జానపద పాత్ర పాన్ త్వర్దోవ్‌స్కీ ఉన్నాడు. ఈ క్రకూవ్ మాంత్రికుడు సైతానుకు ఆత్మ అమ్ముతూ ఒక తెలివైన షరతు పెట్టాడు: రోములో తప్ప ఇంకెక్కడా నా ఆత్మను తీసుకోకూడదు. రోముకు వెళ్లనే వెళ్లడు. చివరికి ఒక పూటకూళ్లింట్లో సైతాను పట్టేసుకుంటాడు, దాని పేరు రోము. మోసుకెళ్తుండగా ప్రార్థన గీతం అందుకుంటే వదిలేస్తాడు, త్వర్దోవ్‌స్కీ చంద్రుడి మీద చిక్కుకుపోతాడు. సాలీడుగా మారిన సేవకుడొకడు దారం పట్టుకుని కిందికి దిగి భూమ్మీది కబుర్లు తెచ్చిపెడతాడట.

ఆటలో సైతాను లాంటి గాంటర్ ఓడిమ్‌తో ఒప్పందం చేసుకున్న ఓల్గియర్డ్ షరతు: మూడు కోరికలు తీరాలి, ఇద్దరూ చంద్రుడి మీద నిలబడాలి. కథ తెలిసినవాళ్లకు ఇక్కడే అనుమానం వస్తుంది. లిల్వాని గుడి నేల మీద దుమ్ము తొలగితే కింద చంద్రుడి బొమ్మ ఉంటుంది. రోము పేరుతో ఆడిన మాటల మోసాన్నే చంద్రుడి బొమ్మతో మళ్లీ ఆడారు, త్వర్దోవ్‌స్కీ చేరిన చోటునే ఉచ్చుగా మార్చారు. గాంటర్ ఓడిమ్‌కు అద్దాల సామి అనే బిరుదు రావడమూ ఊరికే కాదు. 1551లో చనిపోయిన రాణి బార్బరా ఆత్మను త్వర్దోవ్‌స్కీ అద్దంలో రాజు సిగిస్మండ్ ఆగస్టస్‌కు చూపించాడని కథ. అతనిదని చెప్పే లోహపు అద్దం వెంగ్రూఫ్ చర్చిలో ఇప్పటికీ ఉంది.

ఓల్గియర్డ్‌ను కాపాడాలంటే ముందే ఆక్సెన్‌ఫర్ట్ నగరంలో ప్రొఫెసర్ షేక్స్‌లాక్‌ను కలిసి రండి. ఓడిమ్ బలహీనత ఏమిటో చెప్పేది ఆయనే, అదీ నేల మీద గీసిన రక్షణ వలయంలో కూర్చుని. చివర్లో ఓడిమ్ విసిరే పొడుపుకథకు జవాబు ప్రతిబింబం. కనబడిన ప్రతి అద్దం దగ్గరకూ పరిగెత్తి సమయం పోగొట్టుకోకండి, దగ్గరికి వెళ్లగానే అవి పగిలిపోతాయి. అతను పగలగొట్టలేని అద్దం నీళ్లు.

2016లో వచ్చిన రెండో అదనపు కథ 'బ్లడ్ అండ్ వైన్'లో పిల్లల కథల లోకం వేరే రుచి. పొడవాటి జుట్టు రాకుమారి ఆ జుట్టుతోనే ఉరేసుకుని దయ్యమైంది, చిక్కుడు తీగ పైన మేఘాల్లో రాక్షసుడున్నాడు. చాలామంది మంత్రపు గింజలు వెతకడంలో పడి, అగ్గిపుల్లల పిల్లను పట్టించుకోకుండా వెళ్లిపోతారు. ఆమె దగ్గరున్న రిబ్బన్ తీసుకోండి. రక్తపిశాచి డెట్లాఫ్ ఎదురుపడ్డప్పుడు, అక్కడి పాలకురాలి అక్క సియానా ప్రాణం కాపాడేది అదే, వెనక్కి వచ్చి తీసుకునే వీలుండదు.