ఒళ్లంతా కప్పే కవచం: చిక్కంతా కీళ్ల దగ్గరే

కెనడాలోని హామిల్టన్‌లో ట్రాయ్ హర్టుబీస్ అనే ఆవిష్కర్త 2007లో చూపించిన 'ట్రోజన్' సూట్, అంటే సైనికుల కోసం ఒళ్లంతా కప్పే కవచం, గుర్తొస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. బరువు సుమారు 18 కిలోలు, హెల్మెట్‌లో సౌరశక్తితో తిరిగే ఫ్యాను. ఆ ఫ్యాను ఆలోచన చాలా సరైనది. ఒళ్లంతా మూసేస్తే చెమట ఆరదు, తూటా కంటే ముందు వడదెబ్బే పడగొడుతుంది.

అసలు చిక్కు చంకల్లో, గజ్జల్లో, మోకాళ్ల దగ్గర. అక్కడ గట్టి పలక పెడితే సైనికుడు పాకలేడు, తుపాకీ భుజానికి ఆనించలేడు. పెట్టకపోతే సందు మిగిలిపోతుంది.

ఛాతీ మీది సిరామిక్ పలక తూటా మొనను పగలగొడుతుంది, వెనకున్న పాలిథిలీన్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) పొరలు ముక్కల్ని పట్టేస్తాయి. అదే పలక గచ్చు మీద పడితే కంటికి కనపడని బీట పడొచ్చు. రెండు చేతులతో పట్టుకుని మెల్లగా మెలితిప్పండి. లోపల కరకరమంటే పక్కన పెట్టేయండి. చప్పుడు రాకపోయినా అనుమానముంటే ఎక్స్‌రే తీయించాల్సిందే.