అబార్షన్‌ విషయంలో మీ డెలిగేట్‌ (ఇక్కడి ఎమ్మెల్యే) ఎటువైపు? ఇంట్లో కొత్త ఓటరుతో కలిసి చూసుకోండి

వర్జీనియాలో కొన్ని తెలుగు ఇళ్లలో మొట్టమొదటి ఓటర్లు అమ్మానాన్నలు కారు, పిల్లలు. తల్లిదండ్రులు ఇంకా హెచ్‌1బీ మీదో గ్రీన్‌కార్డు క్యూలోనో ఉండగానే ఇక్కడ పుట్టిన పిల్లకు పద్దెనిమిదేళ్లు నిండుతాయి. హైస్కూల్లో గవర్నమెంట్‌ క్లాసు ఉంటుంది, మెయిల్‌బాక్సులో ప్రచార కరపత్రాలు పడుతుంటాయి, స్నేహితుల్లో ఒకరు ఒకవైపు, ఇంకొకరు రెండోవైపు వాదిస్తుంటారు. ఆ పిల్ల వచ్చి "అమ్మా, అబార్షన్‌ మీద మన డెలిగేట్‌ ఏమంటున్నాడు?" అని అడిగితే "అవన్నీ నీకెందుకు, చదువుకో" అని తోసెయ్యడం తేలికే. ఓటు మాత్రం ఎలాగూ వేస్తుంది. మనం పక్కన కూర్చోకపోతే కరపత్రం చూసి వేస్తుంది.

ఈ విషయంలో మనకు అలవాటు లేకపోవడానికి కారణం ఉంది. ఇండియాలో అబార్షన్‌కు సంబంధించిన ఎంటీపీ చట్టం 1971లో పార్లమెంటు చేసింది, దేశమంతటికీ అదే వర్తిస్తుంది. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని వర్గాల స్త్రీలకు ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. పెళ్లికాని స్త్రీలకూ ఇది వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఎమ్మెల్యే అభ్యర్థిని దీని గురించి ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు. కాబట్టి అభ్యర్థి మాటల్లోంచి అసలు సంగతి రాబట్టడం మనం నేర్చుకోలేదు. ఇక్కడ అది తప్పనిసరి.

2022 జూన్‌ 24న డాబ్స్‌ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, దేశమంతటా అబార్షన్‌ హక్కునిచ్చిన 1973 నాటి రో తీర్పును కొట్టేసింది. అప్పటినుంచి నిర్ణయం రాష్ట్రాలది. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉన్న పెద్దమ్మ కూతురికి ఒక చట్టం, వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఉన్న మన కూతురికి ఇంకో చట్టం. టెక్సస్‌లో 2022 ఆగస్టు 25 నుంచి దాదాపు పూర్తి నిషేధం ఉంది. తల్లి ప్రాణానికి ముప్పు గానీ, శరీరంలో ఒక ప్రధాన వ్యవస్థ తీవ్రంగా దెబ్బతినే ప్రమాదం గానీ ఉంటేనే వీలు. అత్యాచారానికి మినహాయింపు లేదు. చట్టం మీరిన డాక్టరుకు యావజ్జీవం దాకా శిక్ష, లక్ష డాలర్లకు తగ్గని జరిమానా. వర్జీనియాలో రెండో త్రైమాసికం చివరిదాకా చట్టబద్ధమే. ఆ తర్వాత తల్లి ప్రాణం పోయే అవకాశం ఉందనో, ఆమె శారీరక, మానసిక ఆరోగ్యం కోలుకోలేనంతగా దెబ్బతింటుందనో ముగ్గురు డాక్టర్లు ధ్రువీకరించాలి. 24 గంటలు ఆగాలన్న నిబంధన, తప్పనిసరి అల్ట్రాసౌండ్‌ నిబంధన 2020లో పోయాయి. వాటిని తీసింది ఢిల్లీలాంటి చోట ఉన్న పెద్ద సభ కాదు, రిచ్‌మండ్‌లోని జనరల్‌ అసెంబ్లీ.

ఆ అసెంబ్లీలో హౌస్‌ ఆఫ్‌ డెలిగేట్స్‌కు 100 మంది, సెనేట్‌కు 40 మంది. ఒక డెలిగేట్‌ కింద ఉండే జనాభా దాదాపు 86 వేలు. ఆంధ్రాలో సగటున ఒక్క ఎమ్మెల్యే నియోజకవర్గంలోనే రెండు లక్షలకు పైగా ఓటర్లుంటారు. హౌస్‌కు రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో ఎన్నిక. 2017లో న్యూపోర్ట్‌ న్యూస్‌లోని 94వ జిల్లాలో ఇద్దరు అభ్యర్థులకూ సరిగ్గా 11,608 ఓట్లు వచ్చాయి. 2018 జనవరి 4న రెండు పేర్లు గిన్నెలో వేసి ఒకటి తీశారు. హౌస్‌ 51-49తో రిపబ్లికన్ల చేతిలో ఉంటుందా, 50-50గా చీలుతుందా అన్నది ఆ చీటీ తేల్చింది. "నా ఒక్క ఓటుతో ఏమవుతుంది" అనే పిల్లలకు ఈ సంగతి చెప్పండి. 2023 ఎన్నిక అబార్షన్‌ అంశం మీదే గట్టిగా నడిచింది. అప్పటి రిపబ్లికన్‌ గవర్నర్‌ గ్లెన్‌ యంగ్‌కిన్‌ 15 వారాల పరిమితి ముందుకు తెచ్చారు, ఆ నవంబరులో డెమొక్రాట్లు హౌస్‌ను 51-49తో, సెనేట్‌ను 21-19తో గెలిచారు. ప్రతిపాదన అక్కడితో ఆగింది.

ఇక అభ్యర్థి మాటల దగ్గరికి వద్దాం. "ప్రోలైఫ్‌" (అబార్షన్‌ వద్దనేవాళ్లు), "ప్రోచాయిస్‌" (నిర్ణయం స్త్రీదే అనేవాళ్లు) అన్న రెండు ముద్రలతో ఏ చట్టం వస్తుందో తెలియదు. "సమంజసమైన పరిమితి", "తల్లి, డాక్టరు మధ్య విషయం" అన్న మాటలతోనూ తెలియదు. అడగాల్సిన మొదటి ప్రశ్న వారాల గురించి. వారాలు ఎక్కణ్నుంచి లెక్కపెడతారో పిల్లలకు మనమే చెప్పాలి, అబ్బాయిలకు కూడా. ఆఖరి నెలసరి మొదటి రోజునుంచి లెక్క. 28 రోజుల చక్రం ఉన్న అమ్మాయికి నెలసరి తప్పిన రోజుకే నాలుగు వారాలు. అంటే ఆరు వారాల నిషేధంలో ఆమెకు మిగిలేది రెండే వారాలు, నెలసరి క్రమంగా రాని అమ్మాయికి అదీ ఉండదు. 15 వారాలంటే చాలా సమయమే అనిపిస్తుంది, కానీ స్కాన్ల క్రమం చూడండి. బిడ్డ క్రోమోజోముల లోపాలు చూసే రక్తపరీక్ష 10వ వారం నుంచి, ఎన్‌టీ స్కాన్‌ 11-14 వారాల మధ్య, ఉమ్మనీటి పరీక్ష 15వ వారం తర్వాత. బిడ్డ గుండె, వెన్ను, మెదడు, మూత్రపిండాలు వివరంగా చూసే అనాటమీ స్కాన్‌ 18-22 వారాల మధ్య. బతికే అవకాశంలేని లోపం అక్కడే బయటపడితే 15 వారాల చట్టంలో దానికి మినహాయింపు ఉందా లేదా అన్నదే ఆ కుటుంబానికి అన్నిటికన్నా ముఖ్యం. కరపత్రంలో "15 వారాలు" ఉంటుంది, ఈ సంగతి ఉండదు. అభ్యర్థిని విడిగా అడగాల్సిందే.

రెండోది మినహాయింపుల మాటతీరు. "తల్లి ప్రాణం" అంటే ఒకటి, "తల్లి ఆరోగ్యం" అంటే ఇంకొకటి. ఆ తేడా ఎంతటిదో మనవాళ్లకు తెలిసిన ఉదాహరణ ఐర్లండ్‌ది. కర్ణాటకకు చెందిన సవితా హలప్పనవార్‌కు 2012లో గాల్వేలో 17వ వారంలో గర్భం పోవడం మొదలైంది. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోందని అబార్షన్‌ చేయలేదు, సెప్సిస్‌తో ఆమె చనిపోయింది. తల్లి ప్రాణానికి ప్రమాదం ఉంటే అక్కడి చట్టం అప్పటికీ ఒప్పుకునేది. ప్రమాదం ఎప్పుడు "తగినంత" అయిందో తేల్చేలోపే సమయం మించిపోయింది. 2018లో ఐర్లండ్‌ ప్రజలు రాజ్యాంగంలో అబార్షన్‌కు అడ్డుగా ఉన్న నిబంధనను ఓటేసి తీసేశారు. అందుకే "మినహాయింపులకు నా మద్దతు" అనే అభ్యర్థిని ఇలా అడగండి: ప్రాణమా, ఆరోగ్యమా? ఎంత ప్రమాదం వచ్చాక? నిర్ణయించేది ఒక డాక్టరా, ఇద్దరా? తర్వాత శిక్ష ఎవరికి, డాక్టరుకా, మాత్రలు పంపినవాళ్లకా, అమ్మాయికా?

తల్లిదండ్రులుగా మనల్ని నేరుగా తాకేది మైనర్ల నిబంధన. వర్జీనియాలో 18 నిండని అమ్మాయికి అబార్షన్‌ చేయాలంటే తల్లిదండ్రుల్లో ఒకరి సమ్మతి కావాలి. చట్టం చెప్పిన మేరకు సంరక్షకులు, ఆమె ఎవరి దగ్గర ఉంటోందో ఆ అమ్మమ్మో తాతయ్యో కూడా ఇవ్వొచ్చు. ఇంట్లో చెప్పలేని అమ్మాయి జువెనైల్‌ కోర్టు జడ్జిని అడగవచ్చు, కోర్టు నాలుగు రోజుల్లోపు తేల్చాలి. ఈ చట్టం ఉండాలా, మారాలా అన్నదాని మీద ప్రతి అభ్యర్థికీ ఒక వైఖరి ఉంటుంది. ఇంట్లో ఈ మాట తీస్తే తర్వాతి ప్రశ్న మన మీదికే వస్తుంది: "మరి నాకే అలా అయితే నువ్వు సంతకం పెడతావా?" దానికి సమాధానం ముందే ఆలోచించుకుని కూర్చోండి. భార్యాభర్తలు పిల్లల ముందుకు వెళ్లకముందే ఒకసారి మాట్లాడుకోవడం మంచిది. ఏ సమాధానమైనా ఫర్వాలేదు గానీ "మన ఇంట్లో అలాంటివి జరగవు" అంటే పిల్ల ఇంకెప్పుడూ మనల్ని అడగదు. నిజంగా అవసరం పడిన రోజున కూడా అడగదు.

ఇంకొక ప్రశ్న మన పిల్లలకు స్కూల్లో ఎదురవుతుంది. ఆడపిల్ల అని తెలిసి చేయించుకునే అబార్షన్లను నిషేధించాలంటూ కొన్ని రాష్ట్రాల్లో బిల్లులు వచ్చాయి. అరిజోనా 2011లోనే చట్టం చేసింది. వీటి మీద చర్చ జరిగినప్పుడల్లా వేలు భారతీయ, చైనా కుటుంబాల వైపు చూపిస్తారు. మన దగ్గర సమస్య లేదని పిల్లలతో అబద్ధం చెప్పొద్దు. 1994లో లింగ నిర్ధారణ నిషేధ చట్టం చేయాల్సి వచ్చింది కాబట్టే హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా స్కానింగ్‌ సెంటర్‌ గోడమీద "ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు" అన్న బోర్డు ఉంటుంది. కానీ రెండు చట్టాలూ ఒకటి కావు. ఇండియా చట్టం లింగం తేల్చొద్దు, తెలిసినా చెప్పొద్దంటుంది. అరిజోనా చట్టం కారణం అదే అయితే అబార్షన్‌ చేయొద్దంటుంది. అంటే ఆ స్త్రీ మనసులో ఏముందో డాక్టరు అంచనా వేయాలి. చీర కట్టుకుని వచ్చిన ఆవిడను ఎలా అనుమానిస్తారో అమ్మాయిలకు వేరే చెప్పనక్కర్లేదు.

అభ్యర్థి ఏమన్నాడో తెలిశాక, ఏం చేశాడో చూడాలి. ముందు మీ జిల్లా నంబరు సరిచూసుకోండి. సౌత్‌ రైడింగ్‌ ఇళ్లకు పోస్టల్‌ చిరునామా చాంటిల్లీ అని ఉంటుంది, కౌంటీ మాత్రం లౌడన్‌. ఊరి పేరుతో వెతికితే వేరేవాళ్ల అభ్యర్థులు కనబడతారు. ఎన్నికల శాఖ వెబ్‌సైట్లో ఇంటి నంబరు, వీధితో సహా వెతకండి. తర్వాత అసెంబ్లీ సొంత సైటు ఎల్‌ఐఎస్‌ తెరిచి, సభ్యుడి పేరు మీదో బిల్లు నంబరు మీదో నొక్కితే ఓట్లన్నీ దొరుకుతాయి. అందరూ తడబడే చోటు ఒకటుంది. బిల్లు చరిత్రలో "పాస్డ్‌ బై ఇండెఫినిట్‌లీ" అని కనబడితే అది పాస్‌ అయినట్టు కాదు, చచ్చిపోయినట్టు. "లెయిడ్‌ ఆన్‌ ద టేబుల్‌", "లెఫ్ట్‌ ఇన్‌ కమిటీ" అన్నవీ అంతే. చాలా బిల్లులు సభ దాకా రాకుండా సబ్‌కమిటీలోనే పోతాయి. కాబట్టి సభలో వేసిన ఓటు ఒక్కటే చూసి వదిలేయకండి, కమిటీ ఓటు కూడా చూడండి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది రాజ్యాంగ సవరణ మీద ఓటు. వర్జీనియాలో సవరణ రెండుసార్లు నెగ్గాలి, మధ్యలో హౌస్‌ ఎన్నిక జరగాలి, ఆ తర్వాత ప్రజల ఓటు. గవర్నర్‌ వీటోకు ఇందులో చోటులేదు. పునరుత్పత్తి హక్కుల సవరణ 2025లో హెచ్‌జే 1 పేరుతో మొదటిసారి, ఎన్నిక తర్వాత 2026 జనవరిలో రెండోసారి నెగ్గింది. ప్రజల ఓటు 2026 నవంబరులో. మూడో త్రైమాసికంలో రాష్ట్రం నియంత్రించవచ్చని సవరణే అంటుంది. తల్లి ప్రాణం, శారీరక, మానసిక ఆరోగ్యం కోసం డాక్టరు అవసరమన్నప్పుడు, పిండం బతకదని తేలినప్పుడు మాత్రం ఆపకూడదు. తల్లిదండ్రుల సమ్మతి చట్టం దీని కింద నిలబడుతుందా అన్న దగ్గర రెండు పక్షాలూ గట్టిగా వాదించుకుంటున్నాయి. ఆ వాక్యాలు పిల్లతో కలిసి గట్టిగా చదవండి, పేజీ కూడా ఉండదు. గర్భనిరోధక సాధనాల మీద ఓటు కూడా విడిగా చూడండి. ఆ హక్కును చట్టంలో పెట్టాలని 2024లో సెనేటర్‌ గజాలా హష్మీ తెచ్చిన బిల్లు రెండు సభల్లోనూ నెగ్గి, గవర్నర్‌ వీటోతో ఆగింది. ఆవిడ పుట్టింది హైదరాబాద్‌లో. 2025లో లెఫ్టినెంట్‌ గవర్నర్‌గా గెలిచారు.

ఇదివరకు సభలో లేని కొత్త అభ్యర్థికి ఓట్ల చరిత్ర ఉండదు. అతని వెబ్‌సైట్‌ను ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నిక) ముందు ఒకసారి స్క్రీన్‌షాట్‌ తీసి పెట్టుకోండి, సెప్టెంబరులో మళ్లీ చూడండి. మాయమైన వాక్యం చాలా చెబుతుంది. చందాలు ఎవరిచ్చారో వీపీఏపీ సైటులో దొరుకుతుంది. రాష్ట్ర అభ్యర్థులకు ఇచ్చే చందాకు వర్జీనియాలో పరిమితి లేదు కాబట్టి పెద్ద మొత్తాలు అక్కడ స్పష్టంగా కనబడతాయి. అభ్యర్థులు ఉగాదికీ దసరాకీ మన వేదికలెక్కి శాలువా కప్పించుకుని ఫొటో దిగి వెళ్తున్నారు, మనం ఒక్క ప్రశ్న అడగడం లేదు. ఇది మార్చుకోవాలి. "15 వారాల బిల్లు వస్తే మీ ఓటు అవునా, కాదా?" అని అడగడానికి పది సెకన్లు చాలు. అడిగేది పదిహేడేళ్ల పిల్లయితే దాటవేయడం అభ్యర్థికి ఇంకా కష్టం.

ఇంట్లో ఎవరు ఏం చేయవచ్చో కూడా తేడాగా ఉంటుంది. పౌరసత్వం లేనివాళ్లు ఓటు నమోదు చేసుకోకూడదు. లైసెన్సు పనిమీద డీఎంవీకి వెళ్లినప్పుడు పౌరులా అన్న ప్రశ్న దగ్గర తొందరలో "అవును" నొక్కితే గ్రీన్‌కార్డుకే ఎసరు రావచ్చు, దేశం నుంచి పంపించే దాకా వెళ్లవచ్చు. హెచ్‌1బీ వాళ్లు రాష్ట్ర అభ్యర్థికైనా చందా ఇవ్వకూడదు, గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లు ఇవ్వొచ్చు. జీతం లేకుండా ఫోన్లు చేయడం, కరపత్రాలు పంచడం అందరికీ చెల్లుతుంది. విజిటర్‌ వీసా మీద వచ్చిన అమ్మమ్మ గట్టిగా ఒక అభిప్రాయం చెబితే చెప్పనివ్వండి. ఆవిడ కాలంలో కాన్పులు ఎలా జరిగాయో, ఎవరు పోయారో పిల్ల ఆవిడ నోటే వినాలి. ఓటు ఎవరికి వేశావని మాత్రం ఎవరూ అడగొద్దు.

పదహారు నిండిన పౌరులు వర్జీనియాలో ముందుగానే పేరు నమోదు చేసుకోవచ్చు. నవంబరు ఎన్నిక నాటికి పద్దెనిమిది నిండేవాళ్లు పదిహేడుకే ప్రైమరీలో ఓటెయ్యవచ్చు. ఇక్కడ పార్టీ సభ్యత్వం నమోదు ఉండదు, ఏదో ఒక పార్టీ బ్యాలెట్‌ అడిగి తీసుకోవాలి. ఒకే పార్టీ బలం ఉన్న జిల్లాల్లో అసలు పోటీ ప్రైమరీలోనే అయిపోతుంది కాబట్టి అభ్యర్థికి ప్రశ్నలు పంపేది అక్టోబరులో కాదు, ఏప్రిల్‌లో.