అలాస్కా క్రూజ్‌లో సూట్ తీసుకున్నాం: ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

అమ్మానాన్నలు అమెరికా వస్తే అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్లాలని అన్నయ్యా నేనూ ఎప్పటినుంచో అనుకుంటున్నాం. సియాటిల్‌లో ఎక్కితే జూనో, స్కాగ్‌వే, గ్లేషియర్ బే, కెచికాన్ చూపించి, చివర్లో కెనడాలోని విక్టోరియాలో కాసేపు ఆపి, మళ్లీ సియాటిల్‌లో దింపే వారం రోజుల ప్రయాణం. అమ్మానాన్నలకి సూట్, అంటే కూర్చోవడానికి కూడా చోటుండే పెద్ద గది, మా రెండు కుటుంబాలకీ మామూలు బాల్కనీ క్యాబిన్లు. సూట్ ధర మా క్యాబిన్‌కి దాదాపు రెట్టింపు. ఒకే షిప్‌లో రెండు రకాలూ దగ్గరుండి చూశాం కాబట్టి, పెద్దవాళ్లతో వెళ్తూ "ఇంకొంచెం పెట్టి సూట్ తీసుకుందామా" అని ఆలోచిస్తున్నవాళ్లకి ఇది ఉపయోగపడుతుందనుకుంటున్నాను.

దానికంటే ముందు వీసా సంగతి. విదేశీ జెండాతో నడిచే షిప్ అమెరికాలో ఎక్కించుకుని అమెరికాలోనే దింపాలంటే మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగి తీరాలి, 1886 నాటి చట్టం అది, విక్టోరియాలో ఆపేది అందుకే. అంటే ఇండియన్ పాస్‌పోర్ట్ మీద విజిటర్‌గా వచ్చిన అమ్మానాన్నలకి కెనడా వీసా కూడా చేయించాలి, అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. గది సంగతి తర్వాత, ముందు ఈ పని చూసుకోండి.

సూట్‌తో వచ్చేవాటిలో మొదట చెప్పేది ప్రయారిటీ బోర్డింగ్. నాన్నకి మోకాళ్ల నొప్పులు, చేతికర్ర లేకుండా నడవరు, అందుకని వీల్‌చెయిర్ సాయం ముందే అడిగి పెట్టుకున్నాం, దానికి డబ్బులేమీ తీసుకోరు. రేవులో ఒకతను వచ్చి నాన్నని కూర్చోబెట్టుకుని వేరే దారిలో తీసుకెళ్లిపోయాడు, వెనకాలే అమ్మ. సూట్ వాళ్ల లైన్ అవసరమే పడలేదు. ప్రయారిటీ టెండర్ అని ఇంకోటి ఉంటుంది, షిప్ గట్టుకి ఆనలేని చోట చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారే, ఆ పడవల్లో ముందు ఎక్కనివ్వడం. మేం దిగిన రేవులన్నిటిలోనూ షిప్ నేరుగా గట్టుకే ఆనింది, కాబట్టి దాంతోనూ పని లేదు. మీ ప్రయాణంలో టెండర్ రేవులు ఎన్ని ఉన్నాయో చూసుకుని దానికి విలువ కట్టండి. గదిలో పెట్టిన షాంపేన్ సీసా, పండ్ల బుట్ట, తెల్లటి బాత్‌రోబ్‌ల గురించి చెప్పడానికేం లేదు, పండ్లు మాత్రం పిల్లలు తిన్నారు.

బాత్రూమ్ గురించి మాత్రం వివరంగా చెప్పాలి. సూట్‌లో బాత్‌టబ్ ఉంది, షవర్ కూడా ఆ టబ్‌లోనే. టబ్ అంచు దాదాపు మోకాలి ఎత్తు. నాన్న ఒక చేత్తో గోడకున్న కడ్డీ పట్టుకుని, ఇంకో చెయ్యి అమ్మ భుజం మీద వేసి, ఒక కాలు లోపల పెట్టి రెండోది ఎత్తలేక అక్కడే నిలబడిపోయారు, కింద షిప్ మెల్లగా ఊగుతోంది. మర్నాటి నుంచి ఆయన టవల్ భుజాన వేసుకుని మా క్యాబిన్‌కే వచ్చి స్నానం చేశారు. మాది ఇరుకు షవరే, కానీ గుమ్మం అంచు బెత్తెడు ఎత్తు కూడా లేదు. పెద్దవాళ్లకి గది తీసుకుంటుంటే టబ్ ఉందా, షవర్ విడిగా ఉందా అని ఫోన్ చేసి మరీ కనుక్కోండి. ఫోటోల్లో టబ్ చూసి ముచ్చటపడితే లాభం లేదు.

రెండోది ఊపు. సూట్లు సాధారణంగా పై అంతస్తుల్లో ఉంటాయి, చాలావరకు షిప్‌కి ఏదో ఒక కొసన. ఊపు తక్కువ తెలిసేది కింది అంతస్తుల్లో, నడిమధ్యన. వాంకూవర్‌లో బయల్దేరే షిప్‌లు దీవుల మధ్య నుంచి పోతాయి గాని, సియాటిల్ షిప్‌లు ఎక్కువగా వాంకూవర్ దీవికి పడమరగా, బయటి పసిఫిక్‌లోంచి వెళ్తాయి. ఆ మొదటి రాత్రి అమ్మకి తల తిరిగిపోయి పొద్దుటిదాకా నిద్ర లేదు. కింద, మధ్యలో ఉన్న మా క్యాబిన్లలో పిల్లలు హాయిగా నిద్రపోయారు. రెట్టింపు ధర పెట్టిన గది ఎక్కువ ఊగడం నాకు చాలా బాధనిపించింది, ఎందుకంటే షిప్‌లో అందరికంటే ఎక్కువ నిద్ర కావాల్సింది వాళ్లిద్దరికే.

మరి సూట్‌లో బాగున్నదేంటంటే, చోటు. సాయంత్రమయ్యేసరికి అందరం అమ్మానాన్నల గదిలోనే చేరేవాళ్లం. షిప్‌లోకి కుక్కర్లు, కెటిల్స్ తెచ్చుకోనివ్వరు, ఇంట్లో వండినవీ తేనివ్వరు, కొట్లో కొన్న సీల్ విప్పని కందిపొడి ప్యాకెట్లు మాత్రం అమ్మ సర్దుకొచ్చింది. రూమ్ సర్వీస్‌లో తెల్లన్నం, వెన్న తెప్పించి, సోఫా పక్కన నేల మీద దుప్పటి పరిచి, వేడి అన్నంలో వెన్న వేసి పొడి కలిపి పిల్లలందరికీ ముద్దలు పెట్టింది. మా క్యాబిన్‌లో మంచం చుట్టూ తిరగడానికే చోటు ఉండదు, ఇలా అందరం కూర్చోవడం కుదరదు. లాండ్రీ కూడా బాగానే కలిసొచ్చింది, సాయంత్రం సంచిలో వేసి ఇస్తే మర్నాడు నాన్న లుంగీ కూడా ఇస్త్రీ చేసి పల్చటి కాగితంలో చుట్టి తెచ్చారు.

భోజనం దగ్గర సూట్ వాళ్లకి ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు. మొదటి రోజు రాత్రి మెయిన్ డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌కి మాకు ఇండియన్ వెజిటేరియన్ కావాలని చెప్తే, అప్పటినుంచి రోజూ పప్పు, కూర, అన్నం చేసి పెట్టారు, మా అందరికీ ఒకేలా. సూట్ వాళ్లకి విడిగా ప్రశాంతంగా టిఫిన్ చేసే చోటు ఉంటుంది, నిజమే, ఊగే షిప్‌లో చేతికర్రతో బఫేలో ప్లేటు పట్టుకుని తిరగడం నాన్నకి కష్టం. కానీ మెయిన్ డైనింగ్ రూమ్‌లోనూ పొద్దున్నే కూర్చోబెట్టి వడ్డిస్తారు, చాలామంది ఆ సంగతి పట్టించుకోకుండా బఫేకే పరిగెడతారు.

గ్లేషియర్ బే రోజు సంగతి వేరు. అది గ్లేషియర్లు, అంటే మంచునదులు, ఉన్న నేషనల్ పార్కు. ఆ పార్కులోకి రోజుకి రెండే పెద్ద క్రూజ్ షిప్‌లని రానిస్తారు. పొద్దున్నే చిన్న పడవలో పార్క్ రేంజర్లు వచ్చి ఎక్కి, మైకులో అన్నీ వివరిస్తూ ఉంటారు. మార్జరీ గ్లేషియర్ ముందు షిప్ చాలాసేపు ఆగింది. మైలు వెడల్పున నీలం మంచు గోడ, అందులోంచి ఒక పెచ్చు జారి నీళ్లలో పడ్డాక గాని పిడుగులాంటి ఆ చప్పుడు మన దాకా రాదు. నాన్న శాలువా కప్పుకుని బాల్కనీ కుర్చీలో కూర్చుని, ఒక్కో పెచ్చు పడ్డప్పుడల్లా చప్పుడు కోసం చెయ్యెత్తి మమ్మల్ని ఆగమనేవారు. చలిగాలిలో, జనంలో పైన డెక్ మీద ఆయన అంతసేపు నిలబడలేరు. కాబట్టి అలాస్కాకి బాల్కనీ తప్పకుండా తీసుకోండి. కాకపోతే అది మామూలు బాల్కనీ అయినా చాలు, కెప్టెన్ షిప్‌ని నెమ్మదిగా తిప్పి రెండు పక్కలవాళ్లకీ చూపించారు, మా బాల్కనీలోంచీ అంతే బాగా కనిపించింది.

అన్ని సూట్లూ ఒకటే అనను. కొన్ని క్రూజ్ కంపెనీల షిప్‌లలో సూట్ వాళ్లకోసమే విడిగా ఒక భాగం ఉంటుంది; నార్వేజియన్ వాళ్ల హేవెన్‌లోనూ, ఎం.ఎస్.సి. వాళ్ల యాట్ క్లబ్‌లోనూ అలా వేరే డెక్, వేరే రెస్టారెంట్ ఉంటాయి. వేల మంది ఎక్కే షిప్‌లో, కరీబియన్‌లో రోజంతా పూల్ దగ్గరే గడిపేవాళ్లకి అది నిజంగా పనికొస్తుంది. అలాస్కాలో పగలంతా ఊళ్లలో తిరగడమో, కొండలు చూస్తూ కూర్చోవడమో కదా.

బయల్దేరే ముందు అప్‌గ్రేడ్ కోసం బిడ్ వేయమని ఈమెయిల్స్ వస్తాయి. అందులో వేసే ధర మనిషికి, గదికి కాదు, అది చూసుకోండి. బిడ్ ఒప్పుకున్నారంటే కార్డులోంచి డబ్బు పోతుంది, ఏ గది ఇస్తారో మన చేతిలో ఉండదు. మధ్యలో లిఫ్ట్ దగ్గర ఏరి తీసుకున్న గది వదులుకుని ఎక్కడో కొసకి వెళ్లాల్సి రావచ్చు, పెద్దవాళ్లుంటే అస్సలు వేయకండి. చాలా కంపెనీల్లో సూట్ వాళ్ల దగ్గర రోజువారీ టిప్పు కూడా ఎక్కువ తీసుకుంటారు.

ఈసారి వెళ్తే నేను అడిగేది, కింది అంతస్తులో నడిమధ్యన, లిఫ్ట్‌కి దగ్గరగా, టబ్ లేకుండా, మధ్యలో తలుపున్న రెండు బాల్కనీ క్యాబిన్లు. బాల్కనీల మధ్య అడ్డుపలక తీయమని గది చూసుకునే స్టీవార్డ్‌ని అడిగితే చాలా షిప్‌లలో తీస్తారు, అందరం కూర్చునే చోటు వస్తుంది. మిగిలిన డబ్బుతో స్కాగ్‌వేలో వైట్ పాస్ రైలు టికెట్లు అందరికీ కొనొచ్చు. 1900లో పూర్తయిన లైను అది, ఇరవై మైళ్లలో దాదాపు 2,900 అడుగులు ఎక్కుతుంది, నాన్న కిటికీ పక్కన కూర్చునే అన్నీ చూడగలిగారు.