కేసు మాది, కబురు కూడా ముందు మాకే రావాలి

2024 చివర్లో అనంతపురంలో మేముండే మహిళల హాస్టల్లో, స్నానాల గది వెంటిలేటర్ దగ్గర ఒక ఫోను దొరికింది. కొళాయిల మరమ్మతు పేరుతో వచ్చిపోయే మనిషిది అది. ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతూ అక్కడే ఉంటున్న నేను వయసులో పెద్దదాన్ని, మిగిలినవాళ్లందరికీ అక్కను. అందుకే ఫిర్యాదు నా పేరుతో వెళ్లింది. నేరం గురించి ఇంతకు మించి చెప్పను. కేసు నడుస్తున్నంత కాలం బాధితులకు ఏ సంగతి తెలుస్తుంది, ఏది తెలియకుండా పోతుంది, ఎవరిని అడగాలి అన్నవే నేను రాయదలచుకున్నాను.

హాస్టల్ యజమాని ముందు పరువు గురించి మాట్లాడారు. మేము వినలేదు. ఇలాంటి ఫిర్యాదును మహిళా అధికారే నమోదు చేయాలని చట్టంలో ఉంది, మాకు అలాగే జరిగింది. స్త్రీని ఏకాంతంలో చాటుగా చూడటం, చిత్రీకరించడం నేరమనే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్, గోప్యతను భంగపరిచే చిత్రాలకు వర్తించే ఐటీ చట్టం 66ఈ కింద కేసు కట్టారు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇచ్చారు. ఆ కాగితం చేతికొచ్చాక ఇక అన్నీ వాళ్లే చెబుతారనుకున్నాం.

కొద్ది రోజులకే మా హాస్టల్లోని నర్సింగ్ విద్యార్థిని సప్తగిరి సర్కిల్ దగ్గర నిందితుణ్ణి చూసి వణుకుతూ వచ్చింది. "అక్కా, వాణ్ణి వదిలేశారా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మరునాడు స్టేషన్‌కు వెళితే, మొదటిసారి నేరమైతే ఈ సెక్షన్లు బెయిలబుల్ అని, బెయిలు హక్కుగానే దొరుకుతుందని చెప్పారు. చట్టం అదే అయితే మేము కాదనలేం. కానీ ఈ ముక్క మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఆ పిల్ల నడిరోడ్డు మీద అంత బెదిరిపోయేది కాదు. మూడేళ్ల దాకా శిక్ష పడగల నేరంలో నిందితుడు బయట తిరుగుతుంటాడన్న విషయం బాధితురాలికి ముందుగా చెప్పడం దయ కాదు, బాధ్యత. ఆ రోజు నుంచి నేను అడగడం మొదలుపెట్టాను. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు తెలియజేయాలని, దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ చెబుతోంది. ఫోనుకు సందేశం పంపినా చాలు. దీన్ని కాగితం మీద రాసి దర్యాప్తు అధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాను. ఆ తరువాత కబుర్లు రావడం మొదలైంది.

అన్నిటికన్నా కష్టమైన పని వేరే ఉంది. ఆ ఫోనులో మా వీడియోలే కాదు, హాస్టల్ వదిలి వెళ్లిపోయిన అమ్మాయిలవీ ఉన్నాయి. వాళ్లకు ఏమీ తెలియదు. గుర్తింపు కోసం ఇళ్లకు కానిస్టేబుళ్లను పంపుతామన్నారు. వాళ్లలో ఒకరికి అప్పుడే పెళ్లయింది. అత్తగారింటి గుమ్మం ముందు పోలీసు జీపు ఆగితే ఏమవుతుందో ఊహించమని ఎస్సై మేడమ్‌ను బతిమాలాను. ఆమె విన్నారు. ముందు తానే ఫోను చేసి, "ఇప్పుడు మాట్లాడటానికి వీలుందా, ఎక్కడ కలుద్దాం" అని అడిగాకే విషయం చెప్పారు. సాధారణ దుస్తుల్లో వెళ్లి కలిశారు. ఆమెకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

అందరూ ఒకేలా స్పందించలేదు. నంద్యాలలోని అమ్మాయి తన ఊళ్లోనే ఫిర్యాదు ఇస్తానంటే, అక్కడి స్టేషన్‌లో అనంతపురం వెళ్లమన్నారట. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాలని అదే సురక్షా సంహిత 173వ సెక్షన్ చూపించాక తీసుకున్నారు. ఇంకొకామె, "అక్కా, నాకు ఈ కేసు గురించి ఏదీ చెప్పొద్దు" అంది. తెలుసుకోవడం ఎంత హక్కో, వద్దనడమూ అంతే హక్కు. ఎవరికి చెప్పాలి, ఏ నంబరుకు, ఏ వేళలో అన్నది ఒక పుస్తకంలో రాసుకుని అది తప్పకుండా పాటించాను.

చార్జిషీటు వేసినప్పుడు మరో భయం పట్టుకుంది. కాగితాలతో పాటు నిందితుడికి ఆ వీడియోల నకలు కూడా ఇస్తారా? రాత్రులు నిద్ర పట్టలేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాం. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. మాకు ఇచ్చిన వకీలు మేడమ్, 2019లో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పినది వివరించారు. ఇలాంటి దృశ్యాలను నిందితుడు, అతని వకీలు చూసుకోవచ్చు కానీ బాధితురాలి గోప్యత దృష్ట్యా నకలు ఇవ్వనక్కరలేదని. ఆ మేరకు ఆమె కోర్టులో అర్జీ వేశారు, మెజిస్ట్రేటు ఒప్పుకున్నారు. న్యాయవాది ఉన్నందువల్ల చార్జిషీటు నకలు మాకూ అందింది.

మధ్యలో రాజీకి పెద్దమనుషులు వచ్చారు. ఇది రాజీకి వీలున్న సెక్షన్ కాదని, ప్రభుత్వం తరఫున కేసు వాదించే ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు స్పష్టంగా చెప్పారు. వాళ్లు మళ్లీ రాలేదు.

ఒకటి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. బాధితురాలి పేరు బయటపెట్టడాన్ని నేరంగా చేసిన న్యాయ సంహిత 72వ సెక్షన్ అత్యాచార కేసులకే వర్తిస్తుంది, మా 77వ సెక్షన్‌ను అందులో చేర్చలేదు. వీడియో తీసినవాడి వల్ల పోయిన గోప్యత, వాయిదా రోజు కోర్టు హాల్లో పేరు పిలిచినప్పుడు మరోసారి పోవాలా? పేర్లకు బదులు అక్షరాలు వాడాలని, సాక్ష్యం చెప్పేటప్పుడు బయటివాళ్లను పంపించాలని అడిగాం. ఆ విచక్షణ మెజిస్ట్రేటుకు ఉంది, రెండూ అంగీకరించారు.

నా సాక్ష్యం పూర్తయింది. ముందురోజు ఏపీపీ గారు నా పాత వాంగ్మూలం చదివించి, ఎదుటి వకీలు ఎలాంటి ప్రశ్నలు వేస్తారో చెప్పారు. మిగిలినవాళ్లకు కూడా అలాగే చేయమని కోరాను. వాయిదా మారితే ముందురోజు సాయంత్రమే కోర్టు కానిస్టేబుల్ ఫోను చేస్తున్నారు. నంద్యాల నుంచి వచ్చే పిల్లకు బస్సు చార్జీలు, సెలవు దండగ కావడం తప్పింది.

అందరూ నన్ను అడిగేది ఒకటే ప్రశ్న, "ఆ వీడియోలు ఏమవుతాయి అక్కా?" ఫోను సీలు వేసిన కేసు సొత్తుగా కోర్టు ఆధీనంలో ఉంది. విచారణ ముగిశాక సొత్తును ధ్వంసం చేయమని ఆదేశించే అధికారం సురక్షా సంహిత 498వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది. తీర్పు సమయంలో ఆ అర్జీ వేస్తామని, అప్పీలు గడువు తీరాకే అమలవుతుందని వకీలు మేడమ్ చెప్పారు. ఆమె చెప్పినది చెప్పినట్టే, పుస్తకంలో కబురు కావాలన్న వాళ్లందరికీ పంపాను.