పుదుచ్చేరిలో ఇసుక దారి వెంట

పుదుచ్చేరికి వెళ్లినవారు సాధారణంగా గాంధీ విగ్రహం దగ్గర కాసేపు నిలబడి సముద్రం చూసి వస్తారు. ఆ ఊరి ఇసుక ఎక్కడ ఆగిపోయిందో, ఎక్కడ కొట్టుకుపోయిందో చూడాలని నేను దక్షిణాన ఉన్న వీరాంపట్టణం నుంచి బయలుదేరాను.

ఈ తీరంలో నైరుతి గాలులు వీచే నెలల్లో కెరటాలు ఒడ్డును ఏటవాలుగా తాకుతూ ఇసుకను ఉత్తరానికి జరుపుతాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత వెనక్కి వచ్చినా, ఏడాది మొత్తం మీద ఇసుక నడక ఉత్తరానికే. 1980ల చివర్లో అరియాంకుప్పం నది మొగ దగ్గర ఓడరేవు కోసం సముద్రంలోకి రాతి కట్టలు వేయడంతో ఆ నడకకు అడ్డుపడింది. దక్షిణపు కట్టను ఆనుకుని మేట వేసిన ఇసుక మీద బలబంద తీగలు అల్లుకుని ఉన్నాయి; కెరటాల దాకా చాలా దూరం నడవవలసి వచ్చింది.

నదిని చుట్టి పట్టణంలోకి వచ్చాక దృశ్యం పూర్తిగా మారిపోయింది. విహారపు రోడ్డు పొడవునా పేర్చిన నల్లరాళ్లకు కెరటాలు నేరుగా తగులుతున్నాయి. రాళ్లు రోడ్డును కాపాడుతున్నాయన్నది నిజమే. కానీ వాటికి కొట్టుకుని వెనక్కి మళ్లే నీరు గోడ పాదం దగ్గర మిగిలిన ఇసుకను కూడా తవ్వుకుపోతుంది. సచివాలయం ఎదుట మాత్రం పిల్లలు ఇసుకలో ఆడుకుంటున్నారు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందించిన ఉక్కు దిబ్బను 2018లో అక్కడ నీటిలో ముంచి ఉంచారు. కెరటాలు దాని మీదే విరిగి బలం కోల్పోవడంతో, వెనకనున్న నెమ్మది నీటిలో ఇసుక దిగి ఒడ్డు మళ్లీ ఏర్పడింది. ఎన్నో ఏళ్ల తర్వాత తిరిగి వచ్చిన ఆ ఇసుక మీద నడుస్తుంటే నాకు నిజంగా సంతోషం కలిగింది. అయితే ఆ దిబ్బ ఇసుకను పుట్టించలేదు, వచ్చినదాన్ని నిలపగలదు, అంతే.

కురుచికుప్పం, వైతికుప్పం దాటి తమిళనాడులోని బొమ్మయార్‌పాళయం వైపు సాగితే, ఒకచోట రాళ్లు వేసి ఆపిన కోత వాటికి ఉత్తరాన మొదలవడం కళ్లారా కనిపిస్తుంది. పడవలు లాగి పెట్టుకోవడానికి, వలలు ఆరేసుకోవడానికి మత్స్యకారులకు ఇసుక ఒడ్డే ఆధారం. రాళ్ల గుట్ట మీద ఆ రెండు పనులూ సాగవు. కట్టకు దక్షిణాన ఆగిన ఇసుకను యంత్రాలతో ఉత్తరపు ఒడ్డుకు చేర్చాలన్న ఆలోచన ఓడరేవు ప్రణాళికలోనే ఉంది. ప్రతి ఊరికీ కొత్తగా రాళ్లు తెచ్చి పోయడం కంటే, ఆ పనిని ఏటా క్రమం తప్పకుండా చేయడమే ఈ పల్లెలకు ముందుగా దక్కవలసిన సాయమని నాకు అనిపించింది.