"గంటసేపు కూసోబెట్టుడు గూడ అరెస్టేనా?"

"అన్నా, 2011ల కాజీపేట రైల్ రోకోకు పోతే పట్టుకపోయి సాయంత్రం ఇడిసిపెట్టిన్రు. అది గూడ రాయాల్నా?" పొద్దుగాల్నే డల్లాస్ నుంచి తమ్ముడి ఫోన్.

రాయాలె. అమెరికా పౌరసత్వం ఫారం ఎన్-400ల అడిగేది శిక్ష పడ్డదా అని ఒక్కటే కాదు. ఎప్పుడన్నా అరెస్టు చేసిన్రా, అదుపులకు తీసుకున్నరా అని. ఏ దేశమైనా సరే. కేసు కొట్టేసినా, రికార్డు మూసేసినా 'అవును' అనే టిక్కు.

ట్రాఫిక్ చలాన్లకు కొంత నయం. జరిమానా 500 డాలర్ల లోపే, అరెస్టు లేదు, మందు, డ్రగ్స్ ముచ్చట లేదంటే కాగితాలు జతచేయనక్కర్లేదు. అట్లని చలానే లేదని రాయొద్దు.

అసలు తిప్పలంత మన దిక్కు కాగితాలతోనే. కేసు కోర్టుదాంక పోతే ఆఖరి ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ కావాలె. కేసు నంబరు, సంవత్సరం దొరికితే కాపీ అప్లికేషన్ సులువు. నంబరే తెల్వకపోతే చెప్పులు అరుగుతయి. ఛార్జి పెట్టకుంట ఇడిసిపెడితే ఆ సంగతే పోలీసుల నుంచి రాతల తీసుకోవాలె. రైల్వే జాగల అయిందంటే ఊరి ఠాణాల కాదు, ముందు రైల్వే పోలీసుల దగ్గర అడగాలె. తెలుగు కాగితానికి ఇంగ్లిష్ తర్జుమా, చేసినోళ్ల సంతకంతోని.

ఇంటర్వ్యూల ప్రమాణం చేసి 'లేదు' అన్నవనుకో, రైల్ రోకో చిన్నదైపోతది, అబద్ధమే పెద్ద కేసైతది.

ఈ కాగితాల కోసం తమ్ముడు బాపును రేపు హన్మకొండ పంపుతడట. పట్టుకపోయిన తారీఖు గుర్తుందా అంటే "బతుకమ్మ అయినంక" అంటుండు!