పసుపు ఇంటి పిల్ల, పదిహేను రోజులకో సూది

మాది దుగ్గిరాల దగ్గర పల్లె. పసుపు మాకు డబ్బాలో ఉండే పొడి కాదు. తవ్వకాలు మొదలయ్యాయంటే కొమ్ములు ఉడికే వాసన ఊరంతా కమ్ముకునేది. కళ్లంలో ఆరబోసిన కొమ్ముల మీద చెప్పుల్లేకుండా పరిగెత్తి తిట్లు తినేవాళ్లం. అలాంటి ఇంటి పిల్లకి కీళ్ల జబ్బు రావడమేంటని అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు.

పాప పుట్టిన ఆరు నెలలకి నడుం నొప్పి మొదలైంది. "కాన్పయ్యాక నడుం నొప్పి రాని ఆడదెవరమ్మా" అన్నారు అత్తయ్య. ఆవిడ తప్పేం లేదు, మొదట చూసిన ఇద్దరు డాక్టర్లూ దాదాపు అదే అన్నారు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. కాల్షియం మాత్రలు ఇచ్చారు, బెల్టు పెట్టుకోమన్నారు, బరువు తగ్గమన్నారు. నా నొప్పి మాత్రం తిరకాసుది. పడుకుంటే పెరిగేది, పని చేస్తుంటే తగ్గేది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. పక్కకి తిరగాలంటే మంచం పట్టె పట్టుకుని ఒళ్లంతా దుంగలా దొర్లించాలి. పాప ఏడిస్తే ముందు నేలమీదకి మోకాళ్ల మీద దిగి, గోడ పట్టుకుని లేచి, అప్పుడు ఉయ్యాల దగ్గరికి. గిన్నెలు తోమి బట్టలు ఆరేసేసరికి నడుం వదిలేది. "పని చేస్తే తగ్గేదాన్ని నొప్పి అనరు, బద్ధకం అంటారు" అని మా ఆయన నవ్వాడోసారి. ఆ మాట నేను మర్చిపోలేదు. పాపం, ఆయనా మర్చిపోలేదు.

రెండేళ్లు అలా గడిచాక ఒకరోజు కుడికన్ను ఎర్రగా అయిపోయి, వెలుతురు చూడలేకపోయాను. కళ్లకలక అనుకుని వెళ్తే ఆ డాక్టరమ్మ చుక్కలు రాస్తూ, "పొద్దున్నే నడుం పట్టేస్తుందా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. అన్నాళ్లలో ఆ ప్రశ్న అడిగింది ఆవిడొక్కతే. అక్కణ్నుంచి రుమటాలజిస్ట్ దగ్గరికి, అంటే కీళ్లవాతాల డాక్టర్ దగ్గరికి పంపింది. ఎంఆర్ఐలో వెన్నూ తుంటీ కలిసేచోట వాపు కనిపించింది. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష సీఆర్‌పీ 48. హెచ్ఎల్ఏ-బీ27 అనే జన్యువు పాజిటివ్. ఆ జన్యువు ఉన్నవాళ్లలో చాలామందికి ఏ జబ్బూ రాదట, నాకు వచ్చింది. పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, వెన్నెముక కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు. కన్ను ఎర్రబడిందీ దానివల్లేనట. ఇంటికొచ్చేదాకా పలకడం ప్రాక్టీస్ చేశాను.

నొప్పి మాత్రలు రెండు రకాలు మార్చారు. కడుపులో మంట మిగిలింది, పొద్దుటి బిగుతు పోలేదు. అప్పుడు డాక్టర్ గారు ఒక కాగితం మీద చిన్న గుండ్రాలు గీసి టీఎన్ఎఫ్ గురించి చెప్పారు. మన రక్షణ కణాలు ప్రమాదం అనుకున్నప్పుడు వదిలే ప్రోటీన్ అది, ఊళ్లో దండోరా లాంటిది. అది వినగానే మిగతా కణాలు పరిగెత్తుకొస్తాయి, వాపు మొదలవుతుంది. నా ఒంట్లో దొంగ లేకపోయినా దండోరా ఆగడం లేదు. గడ్డల్ని చంపుతుందని 1975లో న్యూయార్క్ శాస్త్రవేత్తలు దానికి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు. కీళ్లవాతంలో దాన్ని అడ్డుకుంటే ఉపశమనం వస్తుందని 1992లో లండన్‌లో రోగుల మీద చూపించింది మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ. నాకు రాసింది అడాలిముమాబ్, పదిహేను రోజులకోసారి 40 మిల్లీగ్రాములు. టీఎన్ఎఫ్‌ని పట్టుకుని, కణాల మీద అది అతుక్కునే చోట్ల (గ్రాహకాల) దాకా పోనివ్వని యాంటీబాడీ. ఎటానర్సెప్ట్ అని ఇంకోటుంది, అది గ్రాహకంలా నటించి దాన్ని తనవైపు లాక్కుంటుంది.

సూది వెంటనే మొదలుపెట్టలేదు. ముందు టీబీ పరీక్ష. మన దగ్గర ఎంతోమంది ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటుంది, దాని చుట్టూ కణాలు గోడ కట్టి ఉంచుతాయి. ఆ గోడ నిలబడేది టీఎన్ఎఫ్ వల్లే. దాన్ని ఆపితే క్రిమి లేవొచ్చు. ఆ పరీక్షకి చర్మంలోకి సూది వేస్తారు, మాంటూ అంటారు. నా చేతిమీద ఆ గుర్తు రూపాయి బిళ్లంత పొంగింది. ఎక్స్‌రే బాగానే ఉంది కాబట్టి జబ్బు లేదు, క్రిమి ఉంది. నెల రోజులు ఐసోనియజిడ్ అనే టీబీ మాత్ర వేసుకున్నాకే సూది, ఆ మాత్ర మొత్తం ఆరు నెలలు.

ఇక్కడే నేను చేసిన తప్పు. తమ్ముడు పసుపు క్యాప్సూల్స్ తెచ్చాడు, మిరియాల సారం కలిపినవి. వాడి వాదన పూర్తిగా తప్పేం కాదు. పసుపులోని కర్క్యుమిన్ ల్యాబులో కణాల మీద పోస్తే టీఎన్ఎఫ్ తగ్గుతుంది, నిజమే. కానీ నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేది అతి తక్కువ. మిరియాల్లోని పైపరిన్ కలిపితే అది ఇరవై రెట్లు పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు రాశారు. అమ్మ ఆ పేపరు చదవకుండానే పసుపు పాలల్లో మిరియాలు దంచి వేసేది! ఆ పాలు వేరు, క్యాప్సూల్ వేరు. చెంచా పసుపులో కర్క్యుమిన్ సుమారు నూరు మిల్లీగ్రాములు. వాడు తెచ్చిన డబ్బాలో ఒక్కో గొట్టంలో అయిదు వందలు. రోజుకి మూడు మింగాను, డాక్టర్‌కి చెప్పలేదు. పసుపే కదా.

అయిదో వారం లివర్ పరీక్షలో ఎస్‌జీపీటీ 190కి పెరిగింది. "ఇంకేమైనా వాడుతున్నారా?" అన్నారాయన. డబ్బా బల్లమీద పెట్టాను. ఆయన తిట్టలేదు, అదే ఎక్కువ సిగ్గనిపించింది. మోతాదు ఎక్కువైన పసుపు గొట్టాలతో, అందులోనూ మిరియాలు కలిపినవాటితో, లివర్ దెబ్బతిన్నవాళ్లున్నారట. ఐసోనియజిడ్‌కీ ఆ పేరుంది. రెండూ ఆపేశారు. మూడు వారాల్లో అంకెలు దిగాయి, మాత్ర మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి పెరగలేదు. ఏది చేసిందో తేల్చి చెప్పలేను, నా అనుమానం మాత్రం గొట్టాల మీదే. సూది ఇంకో నెల వెనక్కి పోయింది.

మొదటి సూది నర్సు వేసింది, రెండోది నేనే. ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి గిన్నె పక్కన ఉంచుతాను, తలుపు అరలో పెట్టకూడదు. అరగంట ముందు బయటపెట్టి, తొడమీద చర్మం గుప్పిట్లోకి తీసుకుని గుచ్చడమే. గుచ్చేటప్పటి కంటే మందు వెళ్లేటప్పుడు మంట. మూడో వారంలో ఒక రాత్రి మెలకువ రాలేదు. పొద్దున లేచి కూర్చున్నాక గుర్తొచ్చింది, మంచం పట్టె పట్టుకోలేదని. మూడు నెలలకి సీఆర్‌పీ 5. జబ్బు పోలేదు, పొద్దున పది నిమిషాల బిగుతు ఉంటుంది, వ్యాయామం మానితే తెలిసిపోతుంది. జలుబొచ్చి జ్వరం తగిలితే సూది వాయిదా.

అమ్మ దృష్టిలో పసుపు చెట్టుది, సూది కెమికల్. ఆ సూది మందు చైనీస్ హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుక కణాల్లో పెరుగుతుందని చెప్పాను. "ఛీ, ఎలుకదా! కెమికలే నయం కదే" అంది.

నిన్న సూది రోజు. అమ్మ కొత్త పసుపు మూటతో దిగింది. నేను తొడ మీద దూది అదుముకుంటుంటే వంటింట్లోంచి అడిగింది, పాలు కాచనా అని.

"కాచమ్మా. మిరియాలు రెండే వెయ్యి."